కానాగంతలు తింటే మొహం ఎందుకు ఎర్రబడింది?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా నీసు కూరల గురించే. ఒకేలాంటివి కలిపేసి ఐదు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఏమనుకోకండి, అది చాలామందికి తెలియని సంగతి.

ప్రశ్న: అప్పా, మా ఆయన పని మీద భావనపాడు వెళ్లి వస్తూ రెండు కిలోల కానాగంతలు తెచ్చారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి, చెడు వాసన కూడా ఏం లేదు. వేపుడు చేశాను. తిన్న అరగంటకే మా ఇద్దరికీ మొహం, మెడ ఎర్రగా కందిపోయి తలనొప్పి, గుండె దడ. బాబు ఒక్క ముక్కే తిన్నాడు, వాడికి నోటి చుట్టూ దురద. సాయంత్రానికి అన్నీ తగ్గిపోయాయి. మాకు చేపలు పడవంటారా? చందువలు, రొయ్యలు ఎన్నిసార్లు తిన్నా ఏం కాలేదు మరి.
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: పడకపోతే ఇంట్లో ఒకరికి పడదమ్మా, ముగ్గురికీ ఒకే పూట, అదీ అరగంటలో పడకపోవడం ఏమిటి? చూడబోతే ఇది అలర్జీ కాదు, హిస్టమిన్. కానాగంతలు, కవళ్లు, టూనా లాంటి ముదురు రంగు కండ ఉన్న చేపల్లో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ ఉంటుంది. చచ్చిన చేప ఐసు లేకుండా వేడిలో ఉంటే, దాని మొప్పల్లో, పేగుల్లో ఉండే బాక్టీరియా పెరిగి ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. మనకి నిజంగా అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యేది కూడా ఈ హిస్టమినే, అందుకే ఎర్రబడటం, దురద, దడ అన్నీ అచ్చం అలాగే ఉంటాయి. చందువలు, రొయ్యలు మిమ్మల్ని ఏం చేయకపోవడానికి కారణం కూడా అదే, వాటికి ఈ గొడవ చాలా తక్కువ.

ఇందులో కష్టమేంటంటే, ఒకసారి తయారయ్యాక హిస్టమిన్ ఇక పోదు. కరకరలాడేలా వేపినా, చింతపండు పులుసులో గంట మరిగించినా, డీప్ ఫ్రీజర్‌లో నెల దాచినా అక్కడే ఉంటుంది. చెడు వాసన వచ్చేదాకా ఆగదు కూడా, కాబట్టి ముక్కుని నమ్ముకుంటే లాభం లేదు. కొన్నిసార్లు నాలిక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది, అలా అనిపిస్తే ఆ ముద్ద అక్కడే ఆపేయండి.

భావనపాడు నుంచి మీ ఊరు పెద్ద దూరమేం కాదు, నిజమే. కానీ ఆ చేప పడవలో ఎంతసేపుంది, ఒడ్డున ఇసక మీద ఎంతసేపుంది, ఆ తర్వాత మీ ఆయన పని అయ్యేదాకా బండి హ్యాండిల్‌కి వేలాడే కవర్లో ఎంతసేపుంది? అన్నీ కలిపి లెక్కేసుకోండి. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో పెట్టాం కదా అంటారు గానీ, ఫ్రిజ్ ఆ పనిని నెమ్మది చేస్తుందే తప్ప అయిపోయినదాన్ని వెనక్కి తిప్పలేదు.

ఈసారి వెళ్లేటప్పుడు ఒక థర్మాకోల్ పెట్టె తీసుకెళ్లమనండి. ఐసు చితక్కొట్టించి, అడుగున ఒక వరస ఐసు, దాని మీద చేపలు, మళ్లీ ఐసు, అలా సర్దాలి. చేపల మీద నాలుగు గడ్డలు చల్లితే ఐసు పెట్టినట్టు కాదు. ఇంటికి రాగానే ముందు మొప్పలు, పేగులు తీసేయండి, పొలుసు తర్వాత తీరిగ్గా తోముకోవచ్చు. వీధిలోకి గంప వచ్చినప్పుడు కూడా పైన పరిచినవి కాదు, అడుగువి తీయించి చూడండి: కళ్లు ఉబ్బి మెరుస్తుండాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే సొట్ట నిలవకూడదు. ఇవన్నీ బాగున్నా పదకొండు గంటల ఎండలో ఐసు లేని గంపలోని కానాగంతలు నేనైతే కొనను.

నాకీ తెలివి ఊరికే రాలేదు లెండి. ఒకసారి పెళ్లి బట్టలకి వెళ్తూ దారిలో కొన్న కవళ్లు మూడు గంటలు కారు డిక్కీలో మర్చిపోయాను. పారేయడానికి మనసొప్పలేదు, పులుపు దండిగా వేసి పులుసు పెట్టేశాను. ఆ రాత్రి నలుగురం వరసగా కూర్చుని గోక్కున్నాం. మా అత్తగారు ఇప్పటికీ నా చేపల పులుసుని దురద పులుసు అనే పిలుస్తారు.

ఇంకొక్క మాట. ఎప్పుడైనా ఊపిరి ఆడకపోయినా, పెదవులు, నాలిక వాచినా అది ఏమిటని ఇంట్లో చర్చ పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లిపోండి, ఏ చేప తిన్నారో డాక్టరుకి చెప్పండి. ఏ చేప తిన్నా మీ ఒక్కరికే ప్రతిసారీ ఇలా అవుతుంటే మాత్రం అలర్జీ పరీక్ష చేయించుకోవాల్సిందే.

ప్రశ్న: మా అబ్బాయి ఫోన్లో ఏదో చూసి చికెన్ కడగొద్దంటున్నాడు. మా అత్తగారేమో ఉప్పు, పసుపు వేసి నాలుగుసార్లు కడగందే పొయ్యి మీద పెట్టనివ్వరు. ఎవరి మాట వినాలి?
– ఒక కోడలు, బొబ్బిలి

జవాబు: మాట కరెక్టుగా చెప్పింది అబ్బాయి, కానీ వంటింట్లో నెగ్గేది అత్తగారే, నాకు తెలుసు. పచ్చి కోడిమాంసం మీద సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి బాక్టీరియా ఉంటుంది. కుళాయి విప్పి దాని కింద పెడితే ఆ తుంపర్లు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన గ్లాసుల మీద, తరిగి పెట్టిన కొత్తిమీర మీద పడతాయి. కూరలో ముక్క ఎలాగూ ఉడుకుతుంది, కొత్తిమీర ఉడకదు కదా. పసుపు ఆ క్రిముల్ని చంపేస్తుందన్నది వట్టి నమ్మకం, చంపేది మంటే. మధ్యేమార్గం ఒకటుంది: గిన్నెలో నీళ్లు పోసి ముక్కలు ముంచి, చేత్తో మెల్లగా నెత్తురు, ఈకల ముక్కలు తీసేసి, ఆ నీళ్లు చిందకుండా వంచేయండి. తర్వాత సింకు, కత్తిపీట, చేతులు సబ్బుతో కడగండి. కోడిమాంసం లోపలి దాకా 74 డిగ్రీలు వేడెక్కితే చాలు, మన ఇగురు ముక్కలకి ఆ భయం లేదు. బిర్యానీలో వేసే పెద్ద లెగ్ పీసులు, నిప్పుల మీద కాల్చేవి మాత్రం ఎముక దగ్గర కోసి చూసుకోండి.

ప్రశ్న: సిరిమాను పండగకి ఏటా మా ఇంటికి పాతికమంది చుట్టాలు వస్తారు. ముందురోజే ఐదు కిలోల మేకమాంసం తెచ్చి ఫ్రిజ్‌లో పెడతాం, పండగ రాత్రి మిగిలిన కూర గుండిగతోనే పొయ్యి మీద వదిలేసి పొద్దున మరిగిస్తాం. కిందటిసారి ముగ్గురికి విరేచనాలయ్యాయి. మాంసం మంచిది కాదంటారా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మాంసం కొట్టాయన్ని ఏమీ అనకండి బాబూ, నాకు అనుమానం మీ గుండిగ మీదే. మాంసం కూర ఉడికేటప్పుడు మామూలు క్రిములన్నీ చచ్చినా, క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే రకం విత్తనాల్లాంటి గట్టి రూపంలో బతికి ఉంటుంది. పెద్ద గుండిగ మధ్యలో కూర గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది, దానికి అంతకంటే పండగ ఏముంది. పొద్దున కుతకుతలాడించకుండా కాస్త వెచ్చబెట్టి వడ్డించారంటే అయిపోయినట్టే. అందరూ తిన్నాక రెండు గంటల్లోపు మిగిలినదాన్ని వెడల్పాటి, లోతు తక్కువ గిన్నెల్లోకి తీసేయండి. గిన్నెల అడుగు చన్నీళ్ల పళ్లెంలో పెట్టి ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లోకి. పూర్తిగా చల్లారేదాకా బయట ఉంచాలన్న పట్టింపు వద్దు. మర్నాడు ఎంత తింటారో అంతే తీసి బాగా పొర్లేదాకా మరిగించండి. అలా అయితే మూడు రోజులు ఢోకా లేదు.

పచ్చి మాంసం ఐదు కిలోలూ ఒకే మూటగా తోసేస్తే మధ్యలోది చల్లబడటానికే రాత్రంతా పడుతుంది. అర కిలో చొప్పున కవర్లలో పల్చగా పరిచి, పాలు, పెరుగు కంటే కింద అరలో పెట్టండి, పైన పెడితే నెత్తురు కారి వాటిలో పడుతుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టించినదైతే ముందు రాత్రే కింద అరలోకి దించండి. గట్టు మీద పెట్టి కరిగిస్తే లోపల ఇంకా రాయిలా ఉండగానే పైపొర చెడటం మొదలవుతుంది.

ప్రశ్న: తిత్లీ తుపానప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్‌లో చేపలు, చికెన్ అన్నీ పారేశాం. మళ్లీ అలాంటిది వస్తే ఏం చేయాలి?
– పలాస నుంచి ఒక చెల్లెలు

జవాబు: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను తీరం దాటింది మీ పలాస దగ్గరే కదా, కొబ్బరి తోటలు, జీడి తోటలు పోయినచోట చికెన్ లెక్కేముంది. పారేసి మంచి పనే చేశారు. తలుపు తీయకుండా ఉంటే మామూలు ఫ్రిజ్ చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. ఫ్రీజర్ నిండుగా ఉంటే 48 గంటలు, సగమే ఉంటే 24. అందుకే తుపాను కబురు రాగానే ఖాళీ జాగాల్లో నీళ్ల సీసాలు పెట్టి గడ్డకట్టించండి, పైదాకా నింపొద్దు, పగిలిపోతాయి. ఇల్లు వదిలి వెళ్లాల్సి వస్తే ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చేసరికి బిళ్ల అడుగుకి చేరిందంటే ఫ్రీజర్ మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడిక లోపలి మాంసం చూడ్డానికి ఎంత బాగున్నా వండొద్దు.

ప్రశ్న: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అప్పటికని ఎండు చేపలు కొని పెట్టుకుంటాం. వానలు పడేసరికి మెత్తబడి, కొన్నింటి మీద గులాబీ రంగు వస్తోంది. కడిగి వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, భోగాపురం

జవాబు: వద్దు. ఆ గులాబీ రంగు ఉప్పులో కూడా బతికే బాక్టీరియాది, అది వచ్చిన చేప చెడిపోతున్నట్టే, బూజు పట్టినవీ అంతే. కొన్న రోజే తలలు తీసి, మంచి ఎండలో మరో పూట ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక గాజు సీసాలో బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. వేడిగా ఉండగానే మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది, మెత్తబడేది దానివల్లే. వాసనకి ఇంట్లోవాళ్లు గొడవ పెడితే సీసాని ఇంకో డబ్బాలో పెట్టండి, అయినా గొడవ పెడితే వంకాయ వేసి వండిన రోజు వాళ్లకి వడ్డించకండి.