బండి వెనక ఇంకో ఎర్ర లైటు పెట్టించుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రాత్రి షిఫ్టు, అప్పుడప్పుడూ హిందూపురం ప్రయాణం, రెండూ బైక్ మీదే. వెనక బస్సులూ ట్యాంకర్లూ మరీ మీదికి వచ్చేస్తున్నాయి. అదనంగా లైట్లు పెట్టిస్తే ట్రాఫిక్ పోలీసులతో ఇబ్బంది ఉంటుందా?

పెట్టించుకోండి. కాకపోతే రంగు, వెలిగే తీరు, తగిలించే చోటు చూసుకుని పెట్టించుకోవాలి. నేను కేఆర్ పురంలో ఉంటాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిపూట ఇంటికి రావడం, పండగలకు అనంతపురానికి బండి మీదే పోవడం నాకూ మామూలే. అద్దంలో బస్సు హెడ్‌లైట్లు పెద్దవవుతుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో తెలుసు.

ముందు చట్టం సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 108వ నియమం ప్రకారం వెనక వైపు ఎరుపు తప్ప వేరే రంగు వెలుగు కనపడకూడదు. మన బళ్లకు సంబంధించి ఇండికేటర్లూ, నంబర్ ప్లేటు మీద పడే తెల్ల లైటూ మినహాయింపు. కాబట్టి నీలం, ఆకుపచ్చ, తెల్ల స్ట్రోబులు (టపటపా మెరిసే లైట్లు) షాపువాడు ఎంత మెచ్చుకున్నా వద్దు. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకూ బండి ఓనరుకు 5,000 రూపాయల జరిమానా పడవచ్చు, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. అందుకే కంపెనీ ఇచ్చిన టెయిల్ లైటు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు జోలికి పోకుండా, కావాలంటే ఊడదీసేయగలిగేదే ఎంచుకోవాలి. మీ బండి కంపెనీ తన యాక్సెసరీల్లో అలాంటిది ఇస్తుంటే ఇంకేమీ వెతకొద్దు, అదే తీసుకోండి.

నేను వాడేది టాప్ బాక్సుకు, అంటే సీటు వెనక బిగించే సామాన్ల పెట్టెకు, వచ్చే బ్రేక్ లైటు కిట్. ఎరుపు ఎల్ఈడీ పట్టీ, నిలకడగా వెలుగుతుంది. ఎత్తులో ఉండడమే దాని గొప్ప. బైక్ టెయిల్ లైటు కిందుగా ఉంటుంది, ముందున్న ఆటో లైట్లలో, కార్ల లైట్లలో కలిసిపోతుంది. కార్ల వెనక అద్దం దగ్గర కనపడే మూడో బ్రేక్ లైటు ఉద్దేశం కూడా ఇదే. అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. పైగా ఫిలమెంట్ బల్బు పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది, ఎల్ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ కాస్త వ్యవధిలోనే మూడు మీటర్లకు పైగా ముందుకు వచ్చేస్తుంది.

బాక్సు రెండు మూలలా ఎర్ర రిఫ్లెక్టర్ టేపు కూడా అంటించాను. దాని ఉపయోగం కళ్లారా చూశాను. ఒకసారి చిక్కబళ్లాపురం దాటాక సర్వీసు రోడ్డులో పొద్దుగూకే వేళ మా బావమరిది నా బండి నడుపుతుంటే నేను వెనక కారులో వెళ్లాను. బండి ఒక ఎర్ర చుక్కలా కనపడింది, అంతే. దగ్గరవుతున్నామా, అంతే దూరంలో ఉన్నామా అన్నది తేల్చుకోలేకపోయాను. కారు లైట్లు టేపు మీద పడ్డాక మూడు చుక్కలయ్యాయి. మూలల మధ్య ఎడం పెరుగుతుండడం చూడగానే దగ్గరికి వచ్చేశామని తెలిసిపోయింది. మీరు కూడా మీవాళ్లను బండి ఎక్కించి ఒక్కసారి వెనక నుంచి చూసుకోండి. ఏది ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.

కాంతి ఎక్కువైతే మంచిదే కదా అనుకోవద్దు. పాత రకం 12 వోల్టుల బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. మామూలుగా వెలిగేది 5 వాట్లు, బ్రేకు వేస్తే వెలిగేది 21 వాట్లు. ఆ తేడా చూసే వెనకాయన బ్రేకు వేశారని గుర్తుపడతాడు. అదనపు లైటు ఎప్పుడూ ధగధగలాడుతుంటే ఆ తేడా పోతుంది, పైగా అతని కళ్లు చెదురుతాయి. అందుకే నా కిట్‌ను బ్రేకుకే కలిపించాను. ఎప్పుడూ మిణుకుమనే రకం అసలు వద్దు.

ఉన్న బల్బు తీసేసి ఎర్ర ఎల్ఈడీ బల్బు వేయమని కొందరు సలహా ఇస్తారు. చాలా బళ్లలో టెయిల్ లైటు అడుగున రంగు లేని చిన్న కిటికీ లాంటిది ఉంటుంది, నంబర్ ప్లేటు మీద వెలుగు పడేది అందులోంచే. ఎర్ర బల్బు వేస్తే ప్లేటు కూడా ఎర్రబడుతుంది, నంబరు చదవడం కష్టం, అది నిబంధనకూ విరుద్ధం.

ఫిట్టింగుకు జేసీ రోడ్డు వైపు వెళ్లండి, సామాను దొరుకుతుంది, చేసేవాళ్లూ ఉంటారు. వైర్లు కోసి చుట్టి టేపు వేస్తామంటే ఒప్పుకోకండి. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ (వైర్లు కోయకుండా కలిపే ప్లగ్గు) వేయించండి, చిన్న ఫ్యూజు పెట్టించండి, అతుకుల మీద హీట్ ష్రింక్ ట్యూబు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడిగించండి. వైరింగ్ కోస్తే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. బాక్సు నంబర్ ప్లేటునూ టెయిల్ లైటునూ కప్పేయకుండా చూడండి.

ఇవన్నీ చేయించే ముందే, రాత్రి బండి వెనక భాగం గోడ వైపు ఉండేలా నిలిపి, ముందు బ్రేకు ఒక్కటే పట్టి చూడండి, తర్వాత కాలి బ్రేకు ఒక్కటే తొక్కి చూడండి. రెండింటికీ గోడ మీద ఎరుపు ఒకేలా పెరగాలి. బ్రేకు లివరు దగ్గరుండే చిన్న స్విచ్ పాడైతే ముందు బ్రేకుకు లైటు వెలగదు, మనకు ఆ సంగతే తెలియదు. గేరు తగ్గించి బండి నెమ్మదించినప్పుడు కూడా లైటు వెలగదు కాబట్టి లివరు కొంచెం తాకితే మేలు. అలాగే రెయిన్ కోటు అంచు, వీపు బ్యాగు పట్టీలు టెయిల్ లైటు మీద వేలాడుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

మీ బండి మోడల్ చెబితే ఏ కప్లర్ సరిపోతుందో చెబుతాను.