బరువు సరిగానే ఉన్నా షుగర్ ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 42 ఏళ్లు, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఆఫీసులో జరిపిన ఆరోగ్య పరీక్షల్లో బీఎంఐ 22.7 అనీ, అది సాధారణమేననీ రాశారు. కానీ పరగడుపు షుగర్ 112 వచ్చింది. కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి గానీ పొట్ట ఉంది. నడుము కొలత 94 సెంటీమీటర్లు. బీఎంఐని నమ్మవచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ప్రశ్నలోనే అసలు ఆధారం ఉంది: నడుము కొలత. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే బీఎంఐ. 1830లలో ఈ లెక్కకు మూలం వేసిన బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే వైద్యుడు కారు. ఆయన పరిశీలించినది జనసమూహాల కొలతలనే గానీ ఒక్కొక్క రోగి ఆరోగ్యాన్ని కాదు. జనాభాలో పోషకాహార లోపాన్ని, స్థూలకాయాన్ని అంచనా వేయడానికి ఈ లెక్క నేటికీ ఎంతో ఉపయోగపడుతుంది. 18.5 కన్నా తక్కువ ఉన్నా, 30 దాటినా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరింది అన్నది అది చెప్పలేదు.

పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫోటోను ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3, దాదాపు మీదే. కానీ శరీరంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉంది. మన భారతీయులలో చాలామందికి కండ తక్కువ, పొట్టలోని అవయవాల చుట్టూ చేరే కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కాలేయంలోనూ చేరి ఇన్సులిన్ పనిని అడ్డుకోవడం వల్ల సన్నగా కనిపించే వారికీ షుగర్ పెరుగుతుంది. అందుకే మనకు అధిక బరువు 25 వద్ద కాక 23 వద్దే మొదలవుతుందని మన దేశ నిపుణులు నిర్ణయించారు. మీరు ఇంకొక్క కిలో పెరిగితే ఆ గీత దాటుతారు.

నడుము విషయంలో మాత్రం మీరు ఇప్పటికే హద్దు దాటారు. మన పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకూడదు. ఎత్తులో సగం లోపు ఉంటే మరీ మంచిది, మీకైతే అది 84. ప్యాంటు సైజును లెక్కలోకి తీసుకోకండి, చాలామంది ప్యాంటును పొట్ట కిందికి కడతారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి వదిలాక టేపుతో కొలవాలి.

పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే అది మధుమేహానికి ముందు దశ. భయపడవలసిన పని లేదు, వాయిదా వేయదగినదీ కాదు. పరీక్ష మళ్లీ చేయించుకుని, మూడు నెలల షుగర్ సగటు, రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. బరువు తగ్గాలని పస్తులుంటే ఉన్న కండ కూడా కరిగిపోతుంది, అది మీకు మరింత నష్టం. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి, రోజూ అరగంట వేగంగా నడవండి, వారానికి రెండుసార్లు కండకు పని చెప్పే వ్యాయామం చేయండి. మూడు నెలల తర్వాత బరువుతో పాటు నడుము కూడా కొలిచి, ఆ రెండు అంకెలతో మీ డాక్టరును కలవండి.