నాలుగు పేజీల ఉత్తరంలో ఒక్క వాక్యం

అమ్మా,

పెళ్లికి ముందు నుంచీ మీ దగ్గరే పెరిగిన కుక్కకు 12 ఏళ్లు నిండి, చూపు పోయి, ఇల్లు పాడుచేస్తోందని, మీరు పని మీద ఊరు వెళ్లినప్పుడు మీ మామగారు దానిని దూరంగా వదిలివేయించారని రాశారు. మీరు ఏడుస్తుంటే, సంఘ పెద్ద అయిన ఆయన బైబిల్లో ఆదికాండము 1:28 తీసి “ఏలుడి” అన్న మాట చూపించి, ఆత్మ లేని జంతువు కోసం దుఃఖించడం విశ్వాసికి తగదని అన్నారు. జంతువులకు పరలోకం ఉందా, ఆయనకు జవాబుగా చూపదగిన వచనాలు ఏవి అని అడుగుతున్నారు.

మొదటి ప్రశ్నను బైబిల్లోని ప్రసంగి గ్రంథకర్త తన 3వ అధ్యాయంలో అడిగి, ఎవరికి తెలియునని వదిలేశాడు. మనమూ అక్కడే వదిలేద్దాం.

వచనాలకు కొదవ లేదు. “ఏలుడి” అన్న ఆజ్ఞ వెనువెంటనే, తరువాతి రెండు వచనాల్లో, మనిషికీ జంతువుకూ కూడా ఆహారంగా మొక్కలే ఇవ్వబడ్డాయి. మాంసం తినడానికి అనుమతి జలప్రళయం తరువాత, 9వ అధ్యాయంలో గాని రాదు. చంపి తినే హక్కు ఇంకా ఇవ్వని రోజున ఇచ్చిన ఏలుబడి అది. ఆ ఏలడానికి వాడిన హెబ్రీ క్రియే యెహెజ్కేలు 34:4లో మళ్లీ వస్తుంది. రోగముగల గొర్రెలను బాగుచేయక, తప్పిపోయినవాటిని వెదకక, వాటిని కఠినంగా ఏలిన కాపరులను దేవుడు గద్దించే చోటు అది. పగవాడి గాడిద బరువు కింద పడి ఉంటే విడిపించమని నిర్గమకాండము 23 చెబుతుంది. నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయవద్దని ద్వితీయోపదేశకాండము 25 చెబుతుంది. నీతిమంతుడు తన పశువుల ప్రాణాన్ని దయతో చూస్తాడన్న సామెతలు 12:10 మీ మామగారికి కంఠతా వచ్చే ఉంటుంది. జంతువుల మీద జాలి లోకస్థుల ఫ్యాషన్ అని కూడా ఆయన అన్నారట. 1824లో లండన్‌లో జంతుహింస నివారణ సంఘం స్థాపనకు పూనుకున్న ఆర్థర్ బ్రూమ్ ఒక పాదిరి. ఆ సంఘం చేసిన అప్పులకు జైలుకు కూడా వెళ్లాడు.

ఇంత రాసి ఇచ్చినా, దీనిని తీసుకెళ్లి ఆయన ముందు పరచవద్దనే చెబుతాను. మూడు నెలలుగా తెల్లవారుజామునే లేచి ఆ కుక్క మురికి కడిగింది ఆయనేనని మీరే రాశారు. మీరు ఉద్యోగానికి పెందలాడే బయలుదేరాలన్నది నిజమే, అయినా ఆ చాకిరీ డెబ్బై దాటిన మనిషి నడుము మీద పడింది. మీరు అనేకమైన పిచ్చుకల కంటె శ్రేష్ఠులని ప్రభువు చెప్పిన మాట ఆ నడుముకీ వర్తిస్తుంది. ముందు ఆయనకు క్షమాపణ చెప్పుకోండి. చెప్పకుండా వదిలివేయించినందుకు మనసు విరిగిందని కూడా ఆ పూటే, ఏ వచనమూ ఎత్తకుండా చెప్పండి. మామగారి సంగతి అంతటితో సరి.

నాకు గుచ్చుకున్నది మీ మూడో పేజీ అడుగున ఉన్న ఒక్క వాక్యం: “కారు నడిపింది మావారే, దింపగానే అది తడుముకుంటూ వచ్చి మళ్లీ కారు తలుపుకే ఆనుకుని కూర్చుందట.” మామగారి మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసిన మీరు, మీవారి గురించి ఇంతకు మించి రాయలేదు. ఎవరూ అడగకపోయినా ఆయన ఈ సంగతి మీకెందుకు చెప్పారు? నోట్లో ఉంచుకోలేక చెప్పారని నా అనుమానం. మీరు ఆ మాట విని, బదులివ్వకుండా గదిలోంచి లేచి వెళ్లి, ముందు గదిలో మామగారితో ఆదికాండము వాదించారు. మామగారితో వాదించడం సులువమ్మా, ఆయనతో కాపురం చేయనక్కరలేదు.

సంఖ్యాకాండము 22లో బిలాము తన గాడిదను మూడుసార్లు కొట్టాక అది నోరు తెరిచింది. ఇన్నాళ్లూ నువ్వు ఎక్కి తిరిగిన గాడిదను నేనే కదా, ఎప్పుడైనా నీకు ఇలా చేశానా అని అడిగింది. లేదనక బిలాముకు తప్పలేదు. అటువంటి ప్రశ్న మీరు మీవారిని అడగాలి. ఇన్నేళ్ల కాపురంలో నా దానిని నాకు చెప్పకుండా ఎప్పుడూ ముట్టుకోని మీరు, ఆ రోజు ఒక్క ఫోన్ ఎందుకు చేయలేకపోయారని అడగండి. నాన్నగారు చెప్పారంటే అది జవాబుగా తీసుకోవద్దు. తండ్రిని సన్మానించమన్న ఆజ్ఞను నేనూ తలదాలుస్తాను. కాని ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన తరువాత నాలుగు వచనాలకే, పురుషుడు తన తండ్రిని తల్లిని విడిచి తన భార్యను హత్తుకొనునని అదే గ్రంథంలో రాసి ఉంది. భార్య లేని పూట చూసి ఆమె కుక్కను కారెక్కించిన మనిషి ఆ వచనం దగ్గర తడబడ్డాడు. కోపం అక్కడ ఉండవలసిందే. దానిని మామగారి మీదికి మళ్లించకండి.

పదకొండు రోజులైందన్నారు. వచ్చే ఆదివారం దాకా ఆగకుండా, దింపిన చోటికే కారు నడపమని మీవారిని అడగండి. ఇద్దరే వెళ్లండి, దారిలో ఆయనను మాట్లాడనివ్వండి. అది పడుకునే పాత దుప్పటి ఉతక్కుండా పట్టుకెళ్లండి. చూపు లేనిది, వాసన పట్టే రావాలి.