టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది, టీ4 మాత్రం తక్కువ. ఇదేమిటి డాక్టర్?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నా భార్యకు 31 ఏళ్లు. ఆరేళ్ల కిందట రెండో కాన్పులో రక్తం చాలా పోయింది, ఎక్కించాల్సి వచ్చింది. బాబుకు పాలు పడలేదు. అప్పటి నుంచి నెలసరి కూడా రాలేదు. ఎప్పుడూ నీరసం, చలి. బీపీ పై అంకె 90 దాటదు. ఊళ్లో సెలైన్ పెట్టిస్తే రెండు రోజులు లేచి తిరుగుతుంది, మళ్లీ మామూలే. ఈమధ్య పరీక్షల్లో టీఎస్‌హెచ్ 2.1, ఫ్రీ టీ4 0.5, సోడియం 126 వచ్చాయి. ఒక డాక్టరు థైరాయిడ్ లేదన్నారు, ఇంకొకరు థైరాయిడ్ గోలీలు రాశారు. ఇంకా వేయలేదు. వేయాలా? మెదడులోని గ్రంథికి ఏ పరీక్షలు చేయించాలి? ఇంకో బిడ్డ పుట్టే అవకాశం ఉందా?

జవాబు: ఆ గోలీలు ఇప్పుడే వేయకండి. ముందు కార్టిసాల్ (జబ్బు, ఒత్తిడి వచ్చినప్పుడు ఒంటిని నిలబెట్టే హార్మోన్) చూడాలి. కార్టిసాల్ లోపం ఉన్న మనిషికి థైరాక్సిన్ (ఆ గోలీల్లో ఉండే థైరాయిడ్ హార్మోన్) ఒక్కటే ఇస్తే, ఒంట్లో మిగిలిన కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కార్టిసాల్ తక్కువని తేలితే ముందు దాని బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాతే థైరాక్సిన్. ఈ వరుస తప్పకూడదు.

మీరు రాసింది చదువుతుంటే షీహాన్ సిండ్రోమ్ అనే అనుమానం బలంగా కలుగుతోంది. 1937లో దీన్ని వివరించిన డాక్టర్ షీహాన్ పేరే దీనికి పెట్టారు. మెదడు అడుగున శనగ గింజంత ఉండి, థైరాయిడ్ లాంటి ఇతర గ్రంథులను నడిపించే పిట్యూటరీ గ్రంథి గర్భంతో ఉన్నప్పుడు పెరుగుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. కాన్పులో రక్తం బాగా పోయి బీపీ పడిపోతే ఆ గ్రంథిలో కొంత భాగం చచ్చిపోతుంది. పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం మొదటి గుర్తులు. ఆరేళ్లు ఈ రెండింటినీ ఎవరూ కలిపి చూడకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

టీ4 థైరాయిడ్ చేసే హార్మోన్. టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసేది కాదు, థైరాయిడ్‌ను పని చేయించడానికి పిట్యూటరీ చేసేది. థైరాయిడ్ గ్రంథే చెడితే టీ4 తగ్గుతుంది, టీఎస్‌హెచ్ బాగా పెరుగుతుంది. మీ భార్యకు టీ4 0.5కి పడిపోయినా టీఎస్‌హెచ్ 2.1 దగ్గరే ఉంది. పెరగాల్సిన చోట అది పెరగలేదు. అందుకే ఆ 2.1ని నార్మల్ అనుకోకూడదు.

కార్టిసాల్‌కు రక్తం ఉదయం ఎనిమిది ప్రాంతంలో ఇవ్వాలి. పొద్దెక్కే కొద్దీ అది సహజంగానే తగ్గుతుంది. బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి పదకొండు గంటలకు ఇచ్చిన శాంపిల్‌తో అయోమయమే మిగులుతుంది. దేవరకొండలోనో నల్లగొండలోనో పొద్దున్నే ఇవ్వండి. రిపోర్టులో శాంపిల్ తీసిన సమయం పడిందో లేదో చూసుకోండి. ఫలితం డెసీలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే లోపం దాదాపు ఖాయం, 15 దాటితే లోపం ఉండే అవకాశం చాలా తక్కువ. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ (కార్టిసాల్ తయారుచేయమని పిట్యూటరీ పంపే హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ కొలుస్తారు. ఏసీటీహెచ్‌నే రక్తంలో కొలవాలంటే శాంపిల్‌ను ఐసులో పెట్టి వెంటనే ల్యాబ్‌కు చేర్చాలి. బైకు మీద ఎండలో సంచిలో తిరిగిన శాంపిల్ రిపోర్టును నేనైతే నమ్మను.

ఇంకో మాట. మన జిల్లాలో ఫ్లోరైడ్ వల్లో, పొలం పనుల వల్లో కీళ్ల నొప్పులు ఎక్కువ. వాటికి ఊళ్లో ఇచ్చే సూదుల్లో, గోలీల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. డెక్సామెథసోన్ కార్టిసాల్‌ను అణచేస్తుంది, ప్రెడ్నిసోలోన్ ఉంటే పరీక్షలో లేని కార్టిసాల్ ఉన్నట్టు కనిపించొచ్చు. జుట్టు కోసం వేసే బయోటిన్ కూడా చాలా హార్మోన్ పరీక్షల అంకెలను తారుమారు చేస్తుంది. దాన్ని కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. ఏమేం వాడారో ఏదీ దాచకుండా డాక్టరుకు చెప్పండి.

మిగతా పరీక్షలు: అండాశయాలను నడిపించే ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, అండాశయాలు చేసే ఈస్ట్రడయాల్, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్, గ్రోత్ హార్మోన్ తీరు తెలిపే ఐజీఎఫ్-1, పిట్యూటరీ ఎమ్మారై. గ్రోత్ హార్మోన్ విడతలు విడతలుగా విడుదలవుతుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి తీసిన అంకెతో ఉపయోగం లేదు. ఫుల్ బాడీ ప్యాకేజీలకు డబ్బు పెట్టకండి. పిట్యూటరీని నడిపించే మెదడు భాగం హైపోథాలమస్. దాని హార్మోన్లకు మామూలు రక్తపరీక్ష లేదు. అవి పిట్యూటరీకి వెళ్లే చిన్న నాళాల్లోనే ఉంటాయి, చేతి నరం దాకా వచ్చేసరికి కొలవలేనంత పలచబడతాయి. వాటిని తొలిసారి వేరుచేయడానికి లక్షల గొర్రెల, పందుల మెదళ్లు వాడాల్సి వచ్చింది. ఆ పనికి, రక్తంలో హార్మోన్లను కొలిచే పద్ధతికి కలిపి 1977లో నోబెల్ ఇచ్చారు.

ఈలోపు వాంతులు, మగత, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే రిపోర్టు కోసం ఆగొద్దు. నేరుగా నల్లగొండ పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ‘పిట్యూటరీ లోపం అనుమానం, కార్టిసాల్ చూడలేదు’ అని మొదటే చెప్పండి. హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, సెలైన్ ఇస్తే మనిషి నిలదొక్కుకుంటుంది. అలాంటి ఇబ్బందేమీ లేకపోయినా ఈ వారంలోనే నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో ఎండోక్రైనాలజీ విభాగంలో చూపించండి. కాన్పు నాటి డిశ్చార్జి కాగితాలు వెంట ఉంచుకోండి.

బిడ్డ సంగతి. షీహాన్ అయితే లోపం పిట్యూటరీ నుంచి వచ్చే ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లలోనే కానీ అండాశయాల్లో కాదు. అవే హార్మోన్లను ఇంజెక్షన్లుగా ఇచ్చి గర్భం వచ్చేలా చేయొచ్చు. అయితే ముందు కార్టిసాల్, థైరాయిడ్ సరిపడాలి. బిడ్డ వద్దనుకున్నా ఈ వయసులో ఎముకల కోసం ఈస్ట్రోజన్ కావాలి. హైడ్రోకార్టిసోన్ మొదలయ్యాక ఒక్క రోజు కూడా ఆపకూడదు. జ్వరమొస్తే మోతాదు రెట్టింపు చేయాలి, అది ఎలాగో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.