అందరూ చూసేదా, కొందరే చూసేదా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. జపాన్ యానిమే కార్టూన్లంటే పిచ్చి, బొమ్మలు బాగా వేస్తాడు. కానీ పేరున్న సిరీస్‌లంటే మొహం తిప్పుకుంటాడు. ఎవరికీ తెలియనివే చూస్తాడు, అలాంటివే వేస్తానంటాడు. ఈ టేస్ట్‌తో ఆ రంగంలో అన్నం దొరుకుతుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు పంపిన పన్నెండు బొమ్మలూ చూశాను. గీత బాగుంది. కానీ పన్నెండింటిలోనూ మొహం ఎడమవైపే తిరిగి ఉంది, చేతులు జేబుల్లోనో వీపు వెనకో ఉన్నాయి. వేళ్లు వేయడం రాక దాచాడని స్టూడియోవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ముందు అది సరిచేసుకోవాలి. టేస్ట్ సంగతి ఆ తర్వాత.

జపాన్‌లో ఏ సిరీస్ తీయాలన్నది సాధారణంగా బొమ్మలు వేసేవాళ్ల చేతిలో ఉండదు. మాంగా (జపాన్ కామిక్స్) పబ్లిషర్, టీవీ చానల్, మ్యూజిక్ కంపెనీ లాంటివాళ్లు కలిసి డబ్బు పెట్టి ప్రొడక్షన్ కమిటీగా ఏర్పడతారు. స్టూడియోకి చాలాసార్లు దక్కేది చేసిన పనికి ఫీజు మాత్రమే. కొత్తగా చేరినవాడికి ఇచ్చేది 'దోగా' పని, అంటే సీనియర్ వేసిన రెండు బొమ్మల మధ్య కదలికను నింపడం. చాలాచోట్ల బొమ్మకి ఇంత అని కూలి, అదీ సుమారు 200 యెన్‌లు. సిరీస్ హిట్టయిందని ఆ కూలి పెరగదు. మీరు టెన్షన్ పడాల్సింది దీని గురించి, అబ్బాయి టేస్ట్ గురించి కాదు.

ఆ మాటకొస్తే ఏది అందరిదవుతుందో డబ్బు పెట్టినవాళ్లకే ముందుగా తెలియదు. 'డీమన్ స్లేయర్' 2019లో టీవీలో రాత్రి పొద్దుపోయాక వచ్చిన సిరీస్. మరుసటి ఏడాది దాని సినిమా, 2001 నాటి యానిమే సినిమా 'స్పిరిటెడ్ అవే' పేరిట ఉన్న జపాన్ వసూళ్ల రికార్డును దాటేసింది. 2025లో వచ్చిన కొత్త భాగం మన థియేటర్లలో తెలుగులోనే ఆడింది.

మీవాడికి మసాకి యుఆసా పేరు తెలిసే ఉంటుంది. 'మైండ్ గేమ్' తీసిన దర్శకుడు, కొందరే చూసే యానిమేకి పెద్ద పేరు. 2004లో ఆ సినిమా రాకముందు ఆయన ఏళ్ల తరబడి పనిచేసింది దేనికనుకున్నారు? పిల్లలూ పెద్దలూ ఇంటిల్లిపాదీ చూసే 'క్రేయాన్ షిన్‌చాన్'కి! చెయ్యి తిరిగింది అక్కడే. 2013లో ఆయన మరొకరితో కలిసి పెట్టిన సైన్స్ సారు స్టూడియో నుంచే, ఆయన బాధ్యతలు వదిలేశాక, 2024లో 'దండదాన్' సిరీస్ వచ్చి ఊరూరా మోగిపోయింది. ఈ సంగతి మీవాడికి మీరే చెప్పండి, నేను చెబితే క్లాసు పీకినట్టుంటుంది.

డిగ్రీ మాత్రం మానిపించకండి. జపాన్‌లో ఉద్యోగ వీసాకి మామూలుగా డిగ్రీ గానీ, అక్కడి వృత్తి విద్యా కాలేజీ డిప్లొమా గానీ అడుగుతారు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో యానిమేషన్‌తో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, ఎఫ్ఏడీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పక్కనే జపనీస్ కూడా మొదలుపెట్టిస్తే మంచిది. భాష రాకపోతే స్టూడియోలో ఎవరు ఏం సరిచేయమంటున్నారో అర్థం కాదు.

ఈలోపు చిన్న పని. వాళ్లమ్మ బెండకాయలు తరిగేటప్పుడు ఎదురుగా కూర్చుని ఆ చేతులు వేయమనండి. కత్తి పట్టిన చెయ్యి, కాయ పట్టిన చెయ్యి, అన్ని వైపుల నుంచీ. ముప్పై బొమ్మలయ్యాక నాకు పంపండి.