హీత్‌క్లిఫ్ ఏ గొంతుతో పాడాలి?

ప్రశ్న: ఎమిలీ బ్రాంటీ నవల ‘వదరింగ్ హైట్స్’ను రెండు గంటల ఒపేరాగా (మాటలను పాడుతూ సాగే పాశ్చాత్య సంగీత నాటకంగా) రాస్తున్నాను. సగం కథకే మూడు గంటలు దాటింది. ఎక్కడ కోయాలి? హీత్‌క్లిఫ్‌కి టెనర్ (మగవాళ్ళలో పైస్థాయి) గొంతు ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మాటల నాటకం లెక్కన రాసుకున్నట్టున్నారు. నిమిషంలో చెప్పే మాటలు పాడితే రెండు మూడు నిమిషాలు పడతాయి. రెండు గంటల ఒపేరాకి నలభై నిమిషాల్లో చదివేయగలిగినంత రాస్తే చాలు. బీళ్ళ మీద గాలిని, మనుషుల కక్షను వాద్యబృందానికి వదిలేయండి.

నవలలో 34 అధ్యాయాలు. హీత్‌క్లిఫ్ ప్రేమించిన కేథీ 16వ దాంట్లో చనిపోతుంది, తెర అక్కడే దించండి. ఇదే నవలను ఒపేరాగా చేసిన స్వరకర్తలు బెర్నార్డ్ హెర్మన్ (1943–51), కార్లైల్ ఫ్లాయిడ్ (1958) ఇద్దరూ రెండో తరం, అంటే పిల్లల కథ జోలికి పోలేదు. 3వ అధ్యాయంలో కిటికీ దగ్గరి కేథీ దెయ్యాన్ని మాత్రం వదలొద్దు. దాన్ని నాందిగా పెట్టి, అక్కడి స్వరాన్నే చివర్లో తిరిగి వినిపించండి. అది లేకపోతే మిగిలేది రెండిళ్ళ తగాదా. నవలలో కథ చెప్పే పనిమనిషి నెల్లీ చేత ఇక్కడ కథ చెప్పించకండి. యక్షగానం విని పెరిగిన మనకు సూత్రధారుడి మీద మోజు ఉంటుంది గానీ, ఇక్కడ ఆమె నోరు విప్పినప్పుడల్లా కథ ఆగిపోతుంది.

అసలు కష్టం 9వ అధ్యాయం. హీత్‌క్లిఫ్‌ని చేసుకుంటే తనకు తలవంపులని కేథీ నెల్లీతో అంటుంది. చాటున ఉన్న అతను అంతవరకే విని వెళ్ళిపోతాడు, ఆ తర్వాత ఆమె చెప్పే ప్రేమ సంగతి వినడు. ఆ ఒక్క మాట ప్రేక్షకుల చెవిన పడకపోతే తర్వాతి పగకు అర్థమే ఉండదు. ఆవేశం కోసం దాన్ని తారస్థాయికి ఎక్కించడమే సాధారణంగా జరిగే పొరపాటు. అంత ఎత్తున సొప్రానో (పైస్థాయిలో పాడే గాయని) నోట అచ్చులన్నీ ఒకేలా వినిపిస్తాయి. మధ్యస్థాయిలో, అక్షరానికో స్వరం చొప్పున, వాద్యాలు దాదాపు ఆపి పాడించండి. అతను వెళ్ళే తలుపు అందరికీ కనబడాలి. రెండు మూడు క్షణాల నిశ్శబ్దం తర్వాత, ‘నేనే హీత్‌క్లిఫ్‌ని’ అనే చోట ఎంత ఎత్తుకైనా వెళ్ళండి. ఆపాటికి కథ అందరికీ అందే ఉంటుంది.

టెనర్ వద్దు. హెర్మన్, ఫ్లాయిడ్ ఇద్దరూ హీత్‌క్లిఫ్‌కి బారిటోన్ (టెనర్ కంటే కింది మగ గొంతు), కేథీ పెళ్ళాడిన ఎడ్గార్‌కి టెనర్ ఇచ్చారు. ఒపేరాలో ప్రియుడి గొంతు సాధారణంగా టెనర్, అడ్డుపడేవాడిది బారిటోన్. ఇక్కడ ప్రియుడి గొంతు మర్యాదస్తుడైన మొగుడికి దక్కడంలోనే ఉంది తమాషా.

ఇక నిడివి. హెర్మన్ తన ఒపేరాలో కోతలకు ససేమిరా అన్నారు. 1975లో ఆయన పోయేదాకా అది రంగస్థలం ఎక్కలేదు. 1982లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఎక్కింది, కోతలతోనే.

ప్రశ్న: అనుమతి ఎవరినడగాలి?

జవాబు: నవలకు అక్కర్లేదు. ఎమిలీ 1848లో మరణించారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళే హక్కు. కానీ ఈమధ్య వచ్చిన తెలుగు అనువాదంలోని వాక్యాలు వాడితే, హక్కుదారు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. హెర్మన్ బాణీలకైనా అంతే.