తిరుప్పూర్ టీషర్టులు ఉతికాక పొట్టి అవుతుంటే

శాంపిల్ నచ్చి తిరుప్పూర్ నుంచి డాలస్‌కు తెప్పించుకున్న 500 టీషర్టులు ఉతికాక పొట్టి అవుతున్నాయని, పక్క కుట్టు మెలి తిరుగుతోందని, ఈసారి కొత్త ఫ్యాక్టరీని ఎలా చూసుకోవాలని అడిగారు. ఆ శాంపిల్, తర్వాత వచ్చిన 500 టీషర్టులు ఒకే బట్టతో కుట్టినవి కాకపోవచ్చు. శాంపిల్ చాలాసార్లు చేతిలో ఉన్న బట్టతో కుట్టేస్తారు. ఆర్డర్ బట్ట విడిగా అల్లి, రంగు వేయిస్తారు. దానికి కాంపాక్టింగ్ (ఉతికాక కుదించుకుపోకుండా బట్టను ముందే యంత్రంతో నొక్కి కుదించడం) సరిగా చేయకపోతే రెండు ఉతుకులకే పొట్టి అవుతుంది. మీరు చెప్పిన పక్క కుట్టు మెలి తిరగడం కూడా చాలావరకు బట్ట లోపమే, కుట్టుది కాదు.

కొత్త ఫ్యాక్టరీని ఇలా చూడండి:

1. ఆర్డర్ బట్ట తయారయ్యాక, కటింగ్‌కు ముందు, అదే బట్టతో కుట్టిన శాంపిల్, ఒక మీటరు బట్ట అడగండి. అందరూ వదిలేసేది ఇదే. నేనూ మొదటి ఆర్డర్‌లో వదిలేసి నష్టపోయాను.
బట్ట మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, మూడుసార్లు ఉతకండి. నీడన ఆరేయకండి, డ్రయర్‌లోనే వేయండి, మీ కస్టమర్లు చేసేది అదే కదా. ఏ వైపైనా 47.5 కన్నా తగ్గితే 5 శాతం దాటినట్టు. కటింగ్‌కు ఒప్పుకోవద్దు.
"టైమ్ లేదు, ఇవ్వలేం" అనే ఫ్యాక్టరీని అక్కడే వదిలేయండి.

2. చెప్పిన బరువు బట్టే ఇస్తున్నారా అని తూచి చూడండి: 100 చదరపు సెంటీమీటర్ల ముక్క 1.8 గ్రాములు తూగితే 180 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 180 గ్రాములు.

3. ఫ్యాక్టరీ చూపించే ఓకో-టెక్స్ సర్టిఫికెట్ (హానికర రసాయనాల కోసం బట్టను పరీక్షించి ఇచ్చేది) నంబరును ఓకో-టెక్స్ సైట్‌లోనే సరిచూసుకోండి.

4. అడ్వాన్స్ పోగా మిగతా డబ్బు, ఫ్యాక్టరీతో సంబంధం లేని బయటివాళ్లతో ఇన్‌స్పెక్షన్ చేయించాకే పంపండి.